ఎడమ తొడ దగ్గర ఆగిన పచ్చబొట్టు

మా ఊళ్ళో చర్చి కప్పు ఎవరు వేశారని అడిగితే పాలపళ్ళు ఊడని పిల్ల కూడా ఆపెలు పేరే చెబుతుంది. పెద్ద తుఫాను పాత కప్పును లేపుకుపోయి సముద్రంలో పడేసిన ఏడాది, పట్నం నుంచి పనివాళ్ళు వచ్చేదాకా చెట్ల కింద ప్రార్థన చేసుకుందామని పాస్టరు గారు అన్నారు. "దేవుణ్ణి వానలో నిలబెడతామా?" అని ఆపెలు ఆ పూటే నిచ్చెన ఎక్కాడు. ఆ రేకుల్లోంచి ఈనాటికీ ఒక్క చుక్క కారలేదు. చేమ తోటలకు తెగులు తగిలి దీవి దీవంతా ఆకులు మాడిపోయినప్పుడు, కొండ అవతల ఎవరి దొడ్లోనో తెగులు తట్టుకునే పిలకలున్నాయని విని, బురదలో నడిచి వెళ్ళి, మోసుకొచ్చి, ఇంటింటికీ పంచినవాడు ఆపెలు. పట్నంలో జరిగే పొడుగు పడవల పందెంలో మా పడవ వరసగా గెలిచిన రోజుల్లో దాని వెనక కొసన నిలబడి చుక్కాని పట్టిన నాయకుడు ఆపెలు. పెద్దల సభలో కర్రా చామరమూ పట్టుకుని మాట్లాడడానికి లేచాడంటే అవతలి ఊరి వక్త తను చెప్పాలనుకున్నది మింగి కూర్చునేవాడు. ఈ సవాయీ దీవిలో అలాంటి మనిషిని కన్న ఊరు మాది.

చూడ్డానికీ అలాగే ఉండేవాడు. కొబ్బరి మొదళ్ళలాంటి కాళ్ళు, నడుము నుంచి మోకాళ్ళ దాకా నిండుగా పచ్చబొట్టు. పనిలో ఉన్నప్పుడు లుంగీ తొడల పైకి ఎగగట్టేవాడు. పని సులువు కావాలని కొంత, గీతలు కనబడాలని కొంత.

ఇంత చెప్పాక ఇంకో పేరు చెప్పకపోతే తప్పవుతుంది. ఆపెలు కప్పు మీద మేకులు కొడుతుంటే నిచ్చెన కింద నిలబడి రేకులు అందించినవాడు టొవియా. చేమ పిలకల కావడికి రెండో కొస భుజాన వేసుకున్నవాడు టొవియా. పడవలో అందరూ ఎవరి తెడ్డు చూసి తమ తెడ్డు వేస్తారో ఆ తొలి తెడ్డు టొవియాది. గెలిచాక జనం భుజాల మీద ఎక్కించుకున్నది మాత్రం ఆపెలుని. ఆ కేకలన్నీ సద్దుమణిగేసరికి టొవియా పడవ కడిగి, తుడిచి, పాకలోకి చేర్చి ఉండేవాడు.

"నీకేం రా, పైకెక్కావు, ఫొటోలో పడ్డావు. నా మెడ చూడు, పైకి చూసి చూసి కొంగ మెడయింది" అనేవాడు టొవియా.

"పైనుంచి పడితే నడుం విరుగుతుంది రా. నీ మీద ప్రేమతోనే నిన్ను కింద పెట్టాను" అనేవాడు ఆపెలు.

టొవియా ఎప్పుడూ లుంగీ ఎగగట్టేవాడు కాదు. పిక్కల కింది దాకా దించి కట్టేవాడు. ఎండలో చేమ తోట తవ్వుతున్నా అంతే, సముద్రంలో వల లాగుతున్నా అంతే. తడిసిన లుంగీ కాళ్ళకు చుట్టుకుని తట్టుకుని పడబోయినా సరే, పైకి తీసేవాడు కాదు. ఎందుకో ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ అనేవారు కాదు. ఒకప్పుడు ఒకడు అన్నాడు. వాడి ముందుపన్ను ఊడగొట్టినవాడు ఆపెలు.

మా దగ్గర మగవాడు పచ్చబొట్టుకు ఒంటరిగా పడుకోడు. ఆ నొప్పి ఒక్క మనిషి మోయలేనిదని జంటగా పడుకోబెడతారు. పెద్ద ఇంటి కొడుకుకు ఒక తోడును వెతుకుతారు. ఒకడి బాధ రెండోవాడు పంచుకోవాలి. ఆ నాటి నుంచి చచ్చేదాకా వాళ్ళిద్దరూ జంటే, అన్నదమ్ముల కంటే ఎక్కువ. ఆపెలు నాన్న ఊరి పెద్ద. కొడుకుకు తోడుగా పక్కింటి టొవియాను అడిగి తెచ్చుకున్నాడు.

రోజూ పొద్దున్నే ఆపెలు ముందు పడుకునేవాడు. పొడిచే పెద్దాయన పంది కోరతో చేసిన దువ్వెనను మసిలో ముంచి, చర్మం మీద ఆనించి, కర్రతో టక్ టక్ మని కొట్టేవాడు. ఇద్దరు మనుషులు చర్మాన్ని బిగువుగా లాగి పట్టుకునేవారు. ఆడవాళ్ళు తల చుట్టూ కూర్చుని విసురుతూ పాటలు పాడేవారు. ఆనాటి వంతు అయిపోగానే ఆపెలుని సముద్రంలోకి పంపేవారు. ఉప్పునీళ్ళలో కడుక్కుని, ఈది, ఒళ్ళు బిగుసుకుపోకుండా చూసుకోవాలి. అది పద్ధతి. అదే చాప మీద అప్పుడు టొవియా పడుకునేవాడు. అప్పటికి పెద్దాయన చెయ్యి అలిసిపోయి ఉండేది. పాడే ఆడవాళ్ళ గొంతులూ అలిసిపోయి ఉండేవి.

వీపు అయింది. పిరుదులు అయ్యాయి. కుడి తొడ అయింది. ఎడమ తొడ మొదలుపెట్టిన నాడు టొవియా చెయ్యి పైకెత్తి, "చాలు. ఆపండి" అన్నాడు.

పెద్దాయన దువ్వెన కింద పెట్టాడు. ఆపమన్న మనిషిని బలవంతం చెయ్యకూడదు. టొవియా తల్లి తన ముఖం మీద గుడ్డ కప్పుకుంది. ఆపెలు సముద్రం నుంచి నీళ్ళోడుతూ వచ్చేసరికి చాప చుట్టేసి ఉంది.

అసలు పచ్చబొట్టు లేని మగవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. వాడు ఇంకా మొదలుపెట్టలేదంతే. మొదలుపెట్టి ఆపినవాడి సంగతి వేరు. వాడు పెద్దల సభ మొదట్లో అందరికీ పంచే వేరు పానీయం గిన్నె పట్టుకోకూడదు. వాడికి పెద్దరికపు పేరు ఇవ్వరు. ఆపెలు పచ్చబొట్టు బొడ్డు మీది ఆఖరి గీతతో పూర్తయిన రోజున, అతని తల మీద గుడ్డు పగలగొట్టి, పసుపు కలిపిన కొబ్బరినూనె ఒళ్ళంతా రాసి, ఊరంతా ఆడి పాడింది. అతని పక్కన జంట కూర్చోవలసిన చోటు ఖాళీగా ఉంది. టొవియా వెనక వంట పాకలో రాళ్ళ పొయ్యి మీద ఆకులు కప్పుతున్నాడు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసి ముసలివాళ్ళయ్యారు. ఆ సంగతి మాత్రం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

టొవియాకు ఒంట్లో బాగాలేదని ముందు తెలిసింది అతని భార్య లగీకి. కడుపు ఉబ్బుతోంది, కాళ్ళు సన్నబడుతున్నాయి, తిన్నది ఒంటబట్టడం లేదు. కడుపు పట్టిందని కొబ్బరినూనెతో పామే ముసలమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె చెయ్యి వేసి, కుడి పక్కటెముకల కింద ఏదో గట్టిగా తగిలేసరికి చెయ్యి తీసేసి, "ఇది నా చేతికి లొంగేది కాదు నాయనా, ఓడ ఎక్కు" అంది. అప్పటికే కళ్ళు పసుపు ముద్దల్లా అయ్యాయి.

ఆపెలే వెంట తీసుకెళ్ళాడు. పట్నం ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు ఆపెలుని పక్కకు పిలిచాడు. తిరుగు ఓడలో ఇద్దరూ పై అంతస్తు బల్ల మీద కూర్చున్నారు. గాలి బాగా వీస్తోంది.

"డాక్టరు ఏమన్నాడు?" అన్నాడు టొవియా.

ఆపెలు గొంతు సవరించుకున్నాడు. "చూడు టొవియా, మన పూర్వీకులు చుక్కల్ని నమ్ముకుని ఈ సముద్రం దాటినప్పుడు, గాలి ఎటు తిరుగుతుందో..."

"ఒరేయ్. ఇది సభ కాదు. చామరం కింద పెట్టు."

ఆపెలు చేతిలో చామరం లేదు. అయినా చేతులు రెండూ ఒళ్ళోకి దించుకున్నాడు.

"క్యాన్సరు" అన్నాడు. "కాలేయంలో పుట్టింది. ఊపిరితిత్తుల దాకా పాకింది. కోయడానికి లేదంట. న్యూజిలాండు పంపినా అక్కడా ఇదే మాట చెప్తారంట."

"ఎన్నాళ్ళు?"

"క్రిస్మస్ కష్టం అన్నాడు."

టొవియా నీళ్ళ వైపు తిరిగాడు. తర్వాత అన్నాడు: "క్రిస్మస్‌కని పందిని మేపుతున్నాను కదరా. దానికి మాత్రం చెప్పకు. నేను ముందు పోతే నా చావుకి దాన్నే కోస్తారు. పాపం, ఇంకా కొన్నాళ్ళుందనుకుంటోంది."

ఆపెలు నవ్వలేకపోయాడు. నవ్వనందుకు టొవియా మోచేత్తో పొడిచాడు.

చర్చి కప్పు ఎలా వేశాడో ఆపెలు ఈ పనీ అలాగే మొదలుపెట్టాడు. ఎవరింటి నుంచి ఏ పూట చేప రావాలో, ఎవరు కట్టెలు కొట్టాలో, ఎవరు టొవియా తోట చూడాలో పురమాయించాడు. పాడైపోయిన తడికలు తీసేసి కొత్తవి కట్టించాడు. ఆక్లండ్‌లో ఉన్న చుట్టాలకు కబురుపెట్టి మెత్తటి పరుపు తెప్పించాడు. పొద్దున చర్చి పాటల జట్టు వచ్చి పాడాలన్నాడు. సాయంకాలం ప్రార్థన శంఖం ఊదగానే పెద్దలు టొవియా ఇంట్లోనే కూర్చోవాలన్నాడు. పాస్టరు గారి ప్రార్థన కంటే ఆపెలు ప్రార్థన పొడుగ్గా ఉండేది. చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి వండించి తెచ్చేవాడు, టొవియా ఒక ముద్ద నోట పెట్టుకుని, మింగినట్టు నటించి, అతను అటు తిరగగానే ఆకులో ఉమ్మేవాడు. మా జిల్లాలో ఏ రోగికీ ఇంత సేవ జరగలేదు, ఆ మాట ఎక్కడైనా నిలబడి చెప్పవచ్చు.

ఆపెలు మెట్టు మీద కాలు పెట్టే సరికి టొవియా స్తంభానికి ఆనుకుని నిటారుగా కూర్చుని ఉండేవాడు.

"ఎలా ఉంది రా?"

"నీకంటే నయం. నీ మోకాళ్ళ చప్పుడు రోడ్డు మలుపు నుంచి వినబడింది."

"నొప్పి?"

"ఏం నొప్పి? దోమ కుట్టినట్టుంటుంది. నువ్వు ప్రార్థన పెంచితే మాత్రం నడుం లాగుతుంది."

ఆపెలు ఆ మాట ఊరంతా చెప్పుకునేవాడు. "మా టొవియా రాయి. ఒక్క మూలుగు లేదు. నా జంట అంటే ఏమనుకున్నారు?" అని సభలో కూడా అన్నాడు. అన్నప్పుడు అతని ఛాతీ ఉబ్బింది.

ఒకనాడు పక్క మార్చడానికి ఆపెలు, లగీ చెరోవైపు పట్టి లేపుతుంటే టొవియా లుంగీ జారింది. ఎండు కట్టెలా అయిన ఎడమ తొడ బయటపడింది. పైన కొన్ని గీతలు, కింద వట్టి చర్మం. గ్లాసు ఎత్తడానికి ఓపిక లేని మనిషి గబుక్కున చెయ్యి చాచి లుంగీ లాక్కుని కప్పుకున్నాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

ఆపెలు ఇంటికి వెళ్ళి అన్నం ముట్టలేదు. ఇన్నాళ్ళూ చేపలూ పరుపులూ తెచ్చాను, అసలు కావలసింది తేలేదు అనుకున్నాడు. ఈ లోకంలో సగంలో ఆగిన మనిషి అవతలకు కూడా అలాగే పోతాడా? తను బతికుండగానా? వేసిన కప్పు కారనివ్వనివాడు, జంట పచ్చబొట్టును సగంలో వదిలేస్తాడా?

మర్నాడే బస్సెక్కి దీవి ఆ చివరి ఊరికి వెళ్ళాడు. ఆనాడు పొడిచిన పెద్దాయన ఏనాడో పోయాడు. ఆయన కొడుకు ఫాటూ ఇప్పుడు ఆ పని చేస్తున్నాడు. అప్పట్లో చర్మం లాగి పట్టుకున్న ఇద్దరిలో అతనొకడు. ఆపెలు ఇంట్లో ఉన్న అన్నింటికంటే మెత్తటి చాప కానుకగా అతని ముందు పరిచి, ఎందుకు వచ్చాడో చెప్పాడు. "ముందు మనిషిని చూస్తాను" అన్నాడు ఫాటూ.

అతను దువ్వెనల పెట్టె చంకన పెట్టుకుని వచ్చిన రోజున ఆపెలు టొవియా ఇంటి ముందు మనుషుల్ని కూడా పిలిచి పెట్టాడు. పాడడానికి ఆడవాళ్ళు, పసుపు కలిపిన నూనె, ఆఖరికి ఒక బుట్టలో గుడ్లు కూడా. లగీ మాత్రం వంట పాకలోంచి బయటికి రాలేదు.

ఫాటూ టొవియా పక్కన కూర్చుని, ఏమీ అడక్కుండా అతని ముంజేతిని బొటనవేలితో మెల్లగా నొక్కి వదిలాడు. చూస్తుండగానే అక్కడ నల్లగా కమిలింది.

"దువ్వెన ఆనిస్తే రక్తం ఆగదు" అన్నాడు. "ఈ ఒంటి మీద నేను చెయ్యి వెయ్యను."

"తొడ ఒక్కటే. కొంచెమే మిగిలింది. మెల్లగా, రోజుకు కాస్త..." అన్నాడు ఆపెలు.

"ఆపెలూ, చంపడానికి నన్ను పిలిచావా?"

"పొడవక్కర్లేదు పోనీ. మసితో పైపైన గియ్యి. మాకు అది చాలు."

ఫాటూ పెట్టె మూసేశాడు. "మా నాన్న పూర్తి చెయ్యని గీతను నేను బొమ్మ గీసి పూర్తి చెయ్యను" అని, వంగి టొవియా చెంపకు తన చెంప ఆనించి, లేచి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మెల్లగా సర్దుకున్నారు. గుడ్ల బుట్ట మెట్టు మీదే ఉండిపోయింది.

ఇద్దరే మిగిలాక టొవియా అన్నాడు: "ఎవడడిగాడు రా నిన్ను?"

"నీ కోసమే..."

"ఎవడడిగాడు? నేనడిగానా?" అతని గొంతులో గాలే తప్ప బలం లేదు. "ఇన్నేళ్ళూ నువ్వు దాని గురించి ఒక్క మాట అనలేదు. మర్చిపోయావనుకున్నాను. నా తొడ చూడనివాడు ఊళ్ళో ఒక్కడున్నాడు, వాడు మా ఆపెలు అనుకునేవాణ్ణి. నువ్వూ చూస్తూనే ఉన్నావన్నమాట."

సభల్లో అవతలి వక్తల నోళ్ళు మూయించినవాడికి ఆ పూట ఒక్క మాట దొరకలేదు.

"వెళ్ళు. నాకు కూర్చునే ఓపిక లేదు" అన్నాడు టొవియా.

ఆపెలు దిగి, దారి తెలియనివాడిలా ఇంటి వెనక్కి నడిచాడు. వంట పాకలో లగీ పొయ్యి రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే, "అయిందా అన్నయ్యా మీ వేడుక?" అంది.

"తిట్టమ్మా. తిట్టు."

"తిట్టడానికి నాకు తీరిక ఎక్కడిది? ఆయన కూర్చోనేలేడు. తెలుసా మీకు? మీ అడుగుల చప్పుడు వినగానే 'లేపు, లేపు' అంటాడు. నేనూ పిల్లా కలిసి స్తంభానికి ఆనించి కూర్చోబెడతాం. మీరున్నంతసేపూ పళ్ళు బిగబట్టి జోకులేస్తాడు. చాప అంచు పిడికిట్లో పట్టుకుని ఉంటాడు, మీకు కనబడకుండా. మీరు మలుపు తిరిగాక చూడాలి. గుడ్డ నోట్లో కుక్కుకుని మూలుగుతాడు. నొప్పికి నర్సమ్మ ఇచ్చిన మందు నీళ్ళు తాగమంటే, మీరు వచ్చి వెళ్ళాక తాగుతానంటాడు. మత్తులో మీ ముందు ఏమైనా అరుస్తానేమోనని భయం." చేతిలోని రాయి కింద పడేసింది. "రాయి, రాయి అని ఊరంతా చాటింపు వేశారుగా. అది ఆయన చెవిన పడింది. ఇంక ఎలా అరుస్తాడు?"

ఆపెలు పొయ్యి పక్కన బూడిదలోనే కూలబడ్డాడు. లోపల్నుంచి చప్పుడు వచ్చింది. గుడ్డ అడ్డం పెట్టుకున్న చప్పుడు. పంది పిల్ల గోతంలో మూలిగినట్టు ఉంది. ఇంత దగ్గర్లో ఇన్నాళ్ళూ అతను దాన్ని వినలేదు.

లేచి వెళ్ళాడు. ఈసారి ముందు మెట్టు మీది నుంచి కాదు, వెనక వైపు తడిక ఎత్తి లోపలికి దూరాడు. టొవియా పక్కకు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, నోట్లో గుడ్డతో పడుకుని ఉన్నాడు. ఆపెలుని చూసి లేవబోయాడు.

"లేవకు" అన్నాడు ఆపెలు. నేల మీద కూర్చున్నాడు. ఆ గుడ్డ వైపు చూస్తూ అన్నాడు: "అప్పట్లో నా వంతు అయ్యాక నేను సముద్రంలోకి ఎందుకు పరిగెత్తేవాణ్ణో తెలుసా నీకు?"

టొవియా గుడ్డ తీసి, "రక్తం కడుక్కోడానికి" అన్నాడు.

"దానికైతే ఒడ్డున మోకాలి లోతు చాలు. నేను పగడపు దిబ్బ దాకా వెళ్ళేవాణ్ణి. అక్కడ తల నీళ్ళలో ముంచి అరిచేవాణ్ణి. అమ్మా అని. చాలు, ఆపండి అని. ఊపిరి అయిపోయేదాకా అరిచి, లేచి గాలి పీల్చుకుని, మళ్ళీ ముంచేవాణ్ణి. ఒడ్డున మా నాన్న నిలబడి, చూడండి నా కొడుకు ఎలా ఈదుతున్నాడో అని అందరికీ చూపించేవాడు."

టొవియా అతని ముఖంలోకే చూస్తున్నాడు.

"రోజూనా?"

"రోజూ."

టొవియా పొట్ట కదలడం మొదలుపెట్టింది. ఏడుస్తున్నాడేమో అనుకున్నాడు ఆపెలు. నవ్వుతున్నాడు. "అందుకేనా ఆ ఏడాది దిబ్బ దగ్గర ఒక్క చేప పడలేదు! మా నాన్న వల మార్చాడు, ఎర మార్చాడు, పాస్టరు గారి చేత ప్రార్థన చేయించాడు..."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు టొవియాకు కడుపులో పట్టుకుంది. ముఖం వంకర పోయింది. చెయ్యి చాప అంచును వెతుక్కుంటోంది. ఆపెలు ఆ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

"అరవరా."

"పిల్ల ఉంది బయట."

"ఉండనీ. నువ్వు అరవరా."

అప్పుడు టొవియా మూలిగాడు. మొదట సిగ్గుతో, తర్వాత సిగ్గు లేకుండా. వంట పాకలో లగీ రాళ్ళు ఏరడం ఆపింది. కూతురు ఎసెతా చెవులు మూసుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. ఆపెలు జరిగి, టొవియా తల తన ఒళ్ళోకి తీసుకుని, ఆనాడు ఆడవాళ్ళు అతని తల దగ్గర పాడిన పాటలు ఒకటొకటే గుర్తు తెచ్చుకుని పాడాడు. సభలో అంత కంచుగంటలా మోగే గొంతు పాటకు మాత్రం పనికిరాదు. మధ్యలో టొవియా, "ఇంతకంటే క్యాన్సరే నయం రా" అన్నాడు.

ఆ రోజు నుంచి పాటల జట్టును రావద్దన్నాడు ఆపెలు. సాయంకాలం ప్రార్థన చర్చిలోనే చేసుకోమన్నాడు. తను ఒక్కడే వచ్చేవాడు, వెనక వైపు నుంచే వచ్చేవాడు. నర్సమ్మ ఇచ్చిన మందు నోట్లో పోసేవాడు, వాంతి ఎత్తేవాడు, గుడ్డలు ఉతికేవాడు. ఊరి పెద్ద ఒకడు రోగి గుడ్డలు ఉతకడం చూసి బావి దగ్గర ఆడవాళ్ళు ముఖాలు తిప్పుకునేవారు.

ఇందులో గొప్పగా చెప్పుకోవలసింది ఏమీ లేదు. పాటలతో నొప్పి తగ్గలేదు. మందు మొదట సాయంకాలం దాకా పనిచేసేది, తర్వాత మధ్యాహ్నం దాకా, తర్వాత పోసిన కాసేపటికే అయిపోయేది. టొవియా ముఖం టొవియాది కాకుండా పోయింది. కడుపు నీళ్ళ తిత్తిలా ఉబ్బింది, చిగుళ్ళ నుంచి రక్తం కారేది. ఆఖరి రోజుల్లో జోకులు కూడా లేవు. "చాలు. ఆపండి. ఆపమని చెప్పు వాళ్ళకి" అనేవాడు. ఈసారి దువ్వెన కింద పెట్టే పెద్దాయన ఎవరూ లేరు. ఓర్చుకో అనడానికి ఆపెలుకు నోరు రాలేదు. "విన్నాను రా. విన్నాను" అనేవాడు.

పిల్లలు బడికి వెళ్తున్న వేళ, సముద్రం బాగా వెనక్కి తీసి ఉన్నప్పుడు, టొవియా పోయాడు. తల ఆపెలు ఒళ్ళోనే ఉంది. పాట సగంలో ఉంది.

ఒళ్ళు కడగడానికి లోపల ఆపెలు, లగీ తమ్ముడు మాత్రమే ఉన్నారు. బయట అప్పుడే చుట్టాలు చాపలు పట్టుకుని వస్తున్నారు. క్రిస్మస్ పందిని తాడు కట్టి లాక్కెళ్ళారు. చర్చి వెనక శవపెట్టెకు చెక్కలు కొడుతున్న చప్పుడు మొదలైంది.

లుంగీ తీశాక లగీ తమ్ముడు తల పక్కకు తిప్పుకున్నాడు. "బావా, అటువైపు దుప్పటి కడదామా? ఎవరైనా తొంగి చూస్తారేమో" అన్నాడు.

"వద్దు" అన్నాడు ఆపెలు.

నిండుగా ఉన్న కుడి తొడ కడిగాడు. తర్వాత ఎడమ తొడ. పైనున్న గీతలు తిన్నగా వచ్చి, చివరిది ఒకటి కాస్త వంకర తిరిగి ఆగింది. చెయ్యి పైకెత్తినప్పుడు ఒళ్ళు కదిలి ఉంటుంది. అక్కడి నుంచి మోకాలి దాకా పసుపు తిరిగిన వట్టి చర్మం. ఆపెలు కొబ్బరినూనె చేతిలో పోసుకుని, కుడి తొడకు ఎంత సేపు రాశాడో దీనికీ అంత సేపు రాశాడు. తెల్ల బట్టలు తొడిగారు. ఇంక ఎవరికీ ఏమీ కనబడదు.

శవాన్ని కడిగినవాళ్ళు సముద్రంలో మునిగి రావాలి. ఇద్దరూ వెళ్ళారు. ఒడ్డున ఆడవాళ్ళు గుల్లలు ఏరుతున్నారు. బడి పిల్లలు విరామానికి గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. లగీ తమ్ముడు ఒకసారి మునిగి లేచి ఒడ్డుకు నడిచాడు. ఆపెలు ముందుకు, ఇంకా ముందుకు, దిబ్బ వైపు నడిచాడు. నడుము లోతు వచ్చాక ఆగాడు. ముందుకు వంగాడు. ముఖం నీళ్ళను తాకింది.

ముంచలేదు. తల పైకెత్తాడు. ఒడ్డు వైపు, ఊరి వైపు తిరిగి నిలబడి, నోరు తెరిచి అరిచాడు. మాటలు లేవు అందులో. ఊపిరి అయిపోయేదాకా అరిచి, గాలి పీల్చుకుని, మళ్ళీ అరిచాడు. గుల్లలు ఏరుతున్న ఆడవాళ్ళు నడుములు ఎత్తి నిలబడిపోయారు. గోడ దగ్గర పిల్లలు కదల్లేదు. ఆ అరుపు చర్చి వెనక్కి కూడా వినబడింది. పెట్టెకు మేకులు కొడుతున్న చప్పుడు ఆగింది.

కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.